కిటికీ పక్క తెలుగు అర

రత్నకుమారికి కోపం వస్తే నోరు పెరగదు, చేతికి పని పెరుగుతుంది. ఆ ఏడాది తమ ఇంట్లో గిన్నెలు అద్దాల్లా మెరిశాయని ఆమె భర్త పాండురంగ ఇప్పటికీ అంటుంటాడు. అతను నవ్వడానికే అంటాడు గాని, ఆ మెరుపు వెనక ఎంత విసుగుందో తోమిన మనిషికి తెలుసు.

కెనడాలో గ్వెల్ఫ్‌కు కాస్త ఎడంగా, బస్సెక్కితే అరగంటలో చేరే చిన్న ఊరు వాళ్ళది. పాండురంగ కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మెషిన్ మీద పనిచేస్తాడు. ఆమె ఊరి లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంది. జనం చదివి తెచ్చి పడేసినవాటిని బండి మీద వేసుకుని, దేని చోట దాన్ని పెట్టి రావడం ఆమె ఉద్యోగం. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే రోజుల్లో, శాఖా గ్రంథాలయంలో కుర్చీ దొరక్క గోడకానుకుని నవలలు చదివిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. మొదట్లో ఆమెకూ అలాగే అనిపించింది.

లైబ్రరీకి దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది. చలికాలంలో ఎండ పడే చోటు అదొక్కటే. ఆ కిటికీ పక్కన ఇతర భాషల అరలు ఉన్నాయి. పోలిష్, ఇటాలియన్, చైనీస్, పంజాబీ, హిందీ, మధ్యలో ఎప్పుడో వచ్చి చేరిన తమిళం. హిందీ తప్ప వాటిలో ఒక్క అక్షరం ఆమెకు రాదు. వెన్ను మీది చీటీల్లో అంకెలు చూసి సర్దుతుంది. పోలిష్ ముసలాయన ఒకడు ఆ ఎండలో కూచుని, చదువుకుంటూ తనలో తాను నవ్వుకుంటుంటే ఆమె బండి ఆపి అటే చూసేది. ఊళ్ళో అందరి భాషలకూ ఆమె కాపలా. తన భాషకు మాత్రం జానెడు చెక్క లేదు.

ఆమెకు అరల సంగతి ఇంకో రకంగా కూడా తెలుసు. ఊరివాళ్ళకు ఆమె ఇండియన్. ఇండియన్ కొట్టుకు వెళ్తే హిందీలో పలకరించి, ఆమె హిందీ వినగానే "ఓహో, సౌతా" అంటారు. గుడికి వెళ్తే సౌత్‌లో తెలుగు. తెలుగులో రెండు సంఘాలు. ఏ సంఘం భోజనానికి వెళ్ళినా వడ్డన పూర్తయ్యేలోగా ఎవరో ఒకావిడ, "మీది ఏ వైపండీ?" అంటుంది. కడప జిల్లా అంటే, "అబ్బో, బాంబులా!" అని నవ్వుతుంది. ఆ తర్వాత ఇంటిపేరు అడుగుతుంది. రత్నకుమారి వెన్ను మీద ఏ చీటీ అతికించాలో తేలేదాకా ఆవిడకు ముద్ద దిగదు. ఇంతా చేసి ఆ మాటలు సగం ఇంగ్లీషులోనే నడుస్తాయి.

తెలుగు అర ఒకటి పెట్టమని రత్నకుమారి తన పై అధికారి మార్గరెట్‌ను ఏటా అడిగేది. మార్గరెట్ చెడ్డమనిషి కాదు. "మీ భాషవాళ్ళు ఎవరున్నారు రట్నా? కౌంటర్ దగ్గర ఒక్కరూ ఆ భాషలో మాట్లాడగా నేను వినలేదే" అనేది. అదీ నిజమే. ఐటీ ఉద్యోగాల తెలుగువాళ్ళు లైబ్రరీకి వస్తారు, పిల్లలకు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తీసుకుంటారు, ఎదురుగా రత్నకుమారి నిలబడి ఉన్నా "థాంక్యూ" అనేసి వెళ్ళిపోతారు.

అలాంటిది, కరోనా తగ్గాక ఆ రెండేళ్ళలో ఊరి రూపు మారింది. కాలేజీలకు పిల్లలు దిగారు. తెలంగాణ నుంచి, ఆంధ్ర నుంచి, గుంపులుగా. ఒకరోజు పనికి పోతూంటే బస్‌స్టాప్‌లో ఎవరో కుర్రాడు, "ఒరేయ్, ఈ బస్సు కూడా పోయిందిరా సామీ!" అని నెత్తి కొట్టుకోవడం వినిపించింది. రత్నకుమారి అడుగులు వాటంతటవే నెమ్మదించాయి. షూ లేసు ఊడకపోయినా వంగి కట్టుకుంటూ, ఆ పిల్లల తిట్లన్నీ చెవులారా విని, పనికి ఆలస్యంగా వెళ్ళింది.

వాళ్ళు లైబ్రరీకీ వచ్చారు. వెచ్చదనానికి, వైఫైకి, ప్రింట్లకి. కౌంటర్ దగ్గర ఇప్పుడు మార్గరెట్‌కు కూడా ఆ భాష వినబడింది. "సరే రట్నా, ఒక అర ఇస్తాను. వచ్చే వేసవి దాకా చూద్దాం. పుస్తకాలు కదలాలి. కదలకపోతే తీసేయాల్సిందే, పైవాళ్ళు అంకెలు అడుగుతారు" అంది.

కొనడానికి డబ్బు లేదు, పుస్తకాలు మీరే తెచ్చుకోవాలంది. రత్నకుమారి ఆ ఎండాకాలం ఇండియా వెళ్ళినప్పుడు, పచ్చళ్ళూ పొడులూ మానేసి పెట్టె నిండా నవలలు, కథల పుస్తకాలు తెచ్చింది. ఆ ఏడాదంతా ఆవకాయ లేకుండా అన్నం తిన్న పాండురంగ దాన్ని త్యాగమనే అంటాడు. మిగతా పుస్తకాల కోసం ఆమె విశ్వనాథం గారి దగ్గరకు వెళ్ళింది. అమెరికా మీదుగా వచ్చి ఐటీలో పెద్ద ఉద్యోగం చేస్తున్న మనిషి ఆయన. ఊళ్ళో రెండు మూడు ఇళ్ళున్నాయి. పెద్ద సంఘానికి అధ్యక్షుడు.

"మీరు నాకు చెప్పారుగా, ఇంక మర్చిపోండి. భాష అంటే మన ఊపిరండీ" అన్నాడాయన.

వారానికల్లా అట్టపెట్టెలు వచ్చాయి. తెరిచి చూస్తే పాత పంచాంగాలు, ఎంసెట్ గైడ్లు, వాస్తు పుస్తకాలు, ఒకే వ్రతకథ పుస్తకం ప్రతుల మీద ప్రతులు. గృహప్రవేశాల్లో పసుపు కుంకుమలతో పాటు పంచగా మిగిలినవవి. కొన్నింటిలో తమలపాకు ఎండిపోయి అలాగే ఉంది.

అర తెరిచే రోజు సంఘాలు రెండూ వచ్చాయి. అర మీద ఎవరి పేరు ముందుండాలన్న దానిపై పోట్లాట వచ్చి, ఇంగ్లీషులో కేకలేసుకుని, చివరికి ఎవరి పేరూ లేకుండా "తెలుగు" అన్న చీటీ ఒక్కటే అతికించారు. రత్నకుమారికి అది ఎంతో బాగుందనిపించింది. విశ్వనాథం గారు భాష గొప్పతనం మీద అనర్గళంగా మాట్లాడాడు. మార్గరెట్‌కు శాలువా కప్పాడు. ఫోటోలయ్యాయి. పులిహోర ప్లేట్లు చెత్తబుట్టలోకి, జనం కార్లలోకి వెళ్ళిపోయారు. ఒక్కరూ ఒక్క పుస్తకం తీసుకోలేదు.

నెలరోజులు అర ముందు సెల్ఫీలు దిగినవాళ్ళే గాని పుస్తకం ముట్టుకున్నవాళ్ళు లేరు. "మాకు టైం ఎక్కడిదండీ" అన్నారు పెద్దలు. వాళ్ళ పిల్లలు ఆ అక్షరాలను చూసి, అవి బొమ్మలా అని ఇంగ్లీషులో అడిగారు. రత్నకుమారి ఇంట్లో గిన్నెలు మెరవడం మొదలైంది అప్పుడే.

ఒక సాయంత్రం ప్రింటు కోసం వచ్చిన అమ్మాయి, కాగితం మెషిన్‌లోనే వదిలేసి అర ముందు నిలబడిపోయింది. బ్రెడ్ ఫ్యాక్టరీ టోపీ ఇంకా తల మీదే ఉంది.

"ఆంటీ, మీరు తెలుగేనా?"

"తెలుగే పాపా."

"ఇవి నిజంగ తీస్కపోవచ్చా? పైసలు కట్టాల్నా?"

"ఏమీ కట్టక్కర్లేదు. కార్డుంటే చాలు."

ఆ అమ్మాయి పేరు అమృత. నల్గొండ దగ్గర పల్లె. అన్నిటికన్నా లావుపాటి నవల తీసి, రెండు చేతులతో బరువు చూసి, "ఇది సరిపోతది" అంది, బియ్యం బస్తా ఎంచుకున్నట్టు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి ఇంకో మూడు తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఒక చంకెడు. ఆ పుస్తకాల మీద బార్‌కోడ్ రీడర్ "కీక్" మన్న ప్రతిసారీ రత్నకుమారికి గుండె నిండేది. ఇంటికి వెళ్ళి పాండురంగకు చెప్పేది. ఆ రోజుల్లో గిన్నెలు మామూలుగానే ఉన్నాయి.

అయితే, వెళ్ళిన పుస్తకాలు తిరిగి రాలేదు.

చలి ముదిరాక మార్గరెట్ ఆమెను గదిలోకి పిలిచింది. కుర్చీ వెనక గాలి కొట్టకుండా విశ్వనాథం గారి శాలువా కప్పుకుని ఉంది. కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. తెలుగు అరను వాడినది ఊరు మొత్తానికి ఒకే ఒక కార్డు. ఆ కార్డు మీద వెళ్ళిన పుస్తకాలన్నీ గడువు దాటిపోయాయి. కార్డు ఆపేశారు. ఇంకొన్ని వారాలైతే అన్నిటినీ పోయినట్టు రాసేస్తారు.

"చదివేది ఒక్క మనిషి. ఆమె కూడా తిరిగి ఇవ్వదు. ఈ అంకెలు పట్టుకుని నేను పైన ఏం చెప్పాలి రట్నా?"

ఆదివారం మధ్యాహ్నం రత్నకుమారి అమృత ఇచ్చిన చిరునామా వెతుక్కుంటూ వెళ్ళింది. నీలం తలుపు ఇల్లు. ముందు తలుపు కొడితే పైన అద్దెకున్న తెల్లావిడ వెనక్కి వెళ్ళమని చెయ్యి చూపింది. వెనక మెట్ల మీద మంచు తీసినవాళ్ళు లేరు. గోడ పట్టుకుని నేలమాళిగ తలుపు దాకా దిగింది. కోపంలో ఆమె నోట అసలు ఊరు బయటికొచ్చేసింది.

"ఏం పాపా, యాడికి పోయినాయి నా పుస్తకాలు? మళ్ళీ ఇయ్యాలని తెలీదా నీకు?"

"అయ్యో ఆంటీ, లోపటికి రాండ్రి! చెప్పులు ఇప్పకుండ్రి, నేల సల్లగుంటది."

లోపల వరసగా పరుపులు. ప్రతి పరుపు మీదా ఒక అమ్మాయి, కొందరు షిఫ్టు దిగి నిద్రలో, కొందరు నూనె పెట్టించుకుంటూ. పుస్తకాలు పోలేదు. పరుపుల పక్కన, కిటికీ అంచున, రైస్ కుక్కర్ మీద ఉన్నాయి. ప్రతిదానికీ కూరగాయల కొట్టు రంగుల కాగితంతో అట్ట వేసి ఉంది, బడి తెరిచిన మొదటి వారంలో వేసుకున్నట్టు. ఒకదాని మీద టమాటాలు, ఒకదాని మీద కోడి కాళ్ళు.

"మరి లావుది ఏదీ?"

అమృత దిండు కింద నుంచి ఒక ముక్క తీసింది. వెన్ను దగ్గర జాగ్రత్తగా చీల్చి, సూదీ దారంతో మళ్ళీ కుట్టిన ముక్క. నవలను మూడు భాగాలు చేశారు.

"అందరికీ ఒక్కసారే కావాల్సొచ్చింది ఆంటీ. హాస్టల్ల గట్లనే చేస్తుంటిమి, లావు పుస్తకాలని. ఒక్క పేజీ పోలే, మీరు లెక్కపెట్టుకోండ్రి."

"నడిమి ముక్క?"

"స్వీటీ డ్యూటీకి తీస్కపోయింది. బ్రేక్‌ల చదువుతది. మొదటి ముక్క వేరే ఇంటికి పోయింది, వచ్చేస్తది."

"ఏ ఇంటికి?"

"బస్‌స్టాప్ కాడి అబ్బాయిల ఇంటికి. ఆళ్ళు పెద్ద లేజీ ఆంటీ, నెల పెట్టుకున్నారు" అంది నూనె రాస్తున్న పిల్ల. "నేను మూడో ముక్క ముందే చదివేశా. ఆ పెద్ద కోడలు చచ్చిపోతుందని చెప్తే అందరూ నన్ను కొట్టడానికొచ్చారు."

"మళ్ళా చెప్తవేందే!" అని రెండు పరుపుల మీద నుంచి దిండ్లు ఎగిరాయి.

రత్నకుమారి ఒక పరుపు అంచున కూచుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెట్టె నిండా మోసుకొచ్చిన పుస్తకాలను ఇంతమంది చదివారు. ఊళ్ళో ఏ భాష అరకూ ఇంత తిరుగుడు లేదు. కాని కంప్యూటర్‌కు తెలిసింది ఒక్క అమృతే.

"మీ అందరికీ కార్డులు తీసుకోవడానికేం రోగం?"

"అడ్రస్ ప్రూఫ్ అడిగిన్రు ఆంటీ. లీజు నా ఒక్కదాని పేరు మీదనే ఉంది. బ్యాంకు కాయితాలు కూడ ఈ ఇంటికి రావద్దన్నడు అంకుల్. అందరివీ బ్రాంప్టన్‌ల ఫ్రెండ్ ఇంటికి పోతయి. ఈ ఊర్ల మేము లేనట్టే."

"ఏ అంకుల్?"

"విశ్వనాథం అంకుల్. ఓనర్."

ఆమె ఆ సాయంత్రమే విశ్వనాథం గారింటికి వెళ్ళింది. ఆయన కాఫీ ఇప్పించాడు. రాబోయే ఉగాది వేడుకలకు మార్గరెట్‌ను పిలవాలని చెప్పాడు. ఆమె విషయానికి వచ్చింది. ఫలానా అమ్మాయిలు మా ఇంట్లో ఉంటున్నారని ఓనర్ ఒక్క ముక్క రాసిస్తే చాలు, మార్గరెట్ కార్డులిస్తుంది. కార్డులుంటే అర నిలబడుతుంది.

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఎంతమంది ఉన్నారని రాయమంటారు రత్నకుమారి గారూ?"

"ఉన్నంతమందీ."

"చూడండమ్మా. ఆ కింది గదిలో అంతమంది ఉండడానికి ఇక్కడి రూల్సు ఒప్పవు. ఆ కాగితం సిటీ వాళ్ళ చేతిలో పడితే ముందు రోడ్డున పడేది ఆ పిల్లలే. మనవాళ్ళు కదా అని, ఎవరూ ఇల్లివ్వని రోజుల్లో ఇచ్చాను. మీరు భాష కోసం వాళ్ళను చలిలో నిలబెడతారా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే ఆమెకు ఒళ్ళు మండించింది. ఆ మెట్లు, ఆ చల్లటి నేల, అన్నీ ఆయన దయగా మారిపోయి ఆమె ముందు కూచున్నాయి.

"కావల్సింది అంకెలే కదా" అన్నాడాయన, ఉపాయం తోచిన ఉత్సాహంతో. "నా కార్డు మీద వారం వారం ఓ పాతిక పుస్తకాలు తీస్తాను, మర్నాడు ఇచ్చేస్తాను. మా ఆవిడ కార్డు, పిల్లల కార్డులు కూడా ఉన్నాయి. కదిలినట్టే కదా?"

"చదవకుండానా?"

"చదివారా లేదా అని ఆవిడ అడగలేదుగా!"

రత్నకుమారి అవుననలేదు, కాదనలేదు. ఇంటికి వచ్చి మాడిన మూకుడు ఒకటి తీసి, తోమినదాన్నే తోముతూ నిలబడింది. "ఆ మూకుడు నిన్నేం చేసింది?" అన్నాడు పాండురంగ. ఆమె ఇంకో గిన్నె అందుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు, లైబ్రరీ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె తలెత్తి చూసింది. విశ్వనాథం గారు వస్తాడేమో, ఆ దొంగ పాతిక పుస్తకాలు తీసుకుంటాడేమో అని. అలా చూస్తున్నందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. ఆయన రాలేదు. ఉగాది ఏర్పాట్ల హడావిడి అని తెలిసింది.

మార్గరెట్‌కు చెప్పాలని రెండుసార్లు గది దాకా వెళ్ళింది. పిల్లలు పంచుకుని చదువుతున్నారు, చాలామంది చదువుతున్నారు అని చెప్పింది. "అయితే రమ్మను, కార్డులిద్దాం" అంది మార్గరెట్. అక్కడితో ఆగిపోవలసి వచ్చింది. ఎందుకు రారో చెబితే ఆ పిల్లల ఇల్లు పోతుంది. చెప్పకపోతే అర పోతుంది. అమృత తిరిగిచ్చిన పుస్తకాల్లో మూడు ముక్కల నవల మార్గరెట్ చేతికొచ్చింది. కుట్టును వేలితో తడిమి, "ఇది ఎవరైనా కోపంతో చేశారా?" అంది. ఇష్టంతో చేశారని రత్నకుమారి చెప్పింది. ఆమె నమ్మినట్టు లేదు.

వేసవి రాకముందే అర తీసేశారు. తీసే పని రత్నకుమారిదే, సర్దేది ఆమె కాబట్టి. వ్రతకథలు గుడికి, గైడ్లు చెత్తకు పంపించింది. నవలలు, కథల పుస్తకాలు పాత పుస్తకాల అమ్మకంలో పెడితే ఎవరు కొంటారని మార్గరెట్ ఆమెనే తీసుకెళ్ళమంది. ఒక్కొక్కదాని మీద తీసివేసినట్టు ముద్ర వేస్తుంటే ఆమె చెయ్యి ఎప్పటికన్నా వేగంగా నడిచింది. పాండురంగ కారులో పెట్టెలు నీలం తలుపు ఇంటి వెనక దించాడు.

పిల్లలు పండగ చేసుకున్నారు. "ఇంక డ్యూ డేట్ లేదు గద ఆంటీ! కార్డు లొల్లి కూడ లేదు!" అంది అమృత, ఇటుకల మీద పలక వేసి పుస్తకాలు పేరుస్తూ. రత్నకుమారి వాళ్ళతో కలిసి నవ్వలేకపోయింది. ఆ నేలమాళిగ కిటికీ జానెడు. అందులోంచి కనబడేది మంచు ఎత్తిపోసే పార, విశ్వనాథం గారి చెత్త డబ్బాలు. తన భాష ఆ దక్షిణపు కిటికీ పక్కన, పోలిష్ పక్కన, పంజాబీ పక్కన, ఎవరైనా వచ్చి చూడగల చోట కూచోవాలని ఆమె కోరుకుంది. కొన్ని నెలలు కూచుంది కూడా. ఇప్పుడు మళ్ళీ వెనక మెట్లు దిగి కిందికి వచ్చేసింది, లీజులో పేరు లేకుండా.

ఖాళీ అయిన అరలో మార్గరెట్ ముక్కలు కలిపి బొమ్మ చేసే పజిల్ డబ్బాలు పెట్టించింది. అవి బాగా కదులుతున్నాయి. వాటిని సర్దేదీ రత్నకుమారే.

సెప్టెంబరులో కొత్త పిల్లలు దిగారు. ఒక మధ్యాహ్నం ఆమె డబ్బాలు సర్దుతుంటే, ఇంకా మడతలు పోని కోటుతో ఒక అమ్మాయి వచ్చి, తెలుగు పుస్తకాలున్నాయా అని ఇంగ్లీషులో అడిగింది. ఇక్కడ ఉండేవని ఎవరో చెప్పారట.

"ఏ ఊరు పాపా?" అనేసింది రత్నకుమారి. అన్నాక, సంఘం భోజనాలు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

ఆ పిల్ల మొహం వెలిగింది. "ఖమ్మం అండీ! మీరు తెలుగా?"

రత్నకుమారి అటూ ఇటూ చూసింది. మార్గరెట్ కౌంటర్ దగ్గర లేదు. ప్రొద్దుటూరులో తన చిన్నప్పుడు వీధి చివర సారా అమ్మేవాళ్ళుండేవారు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ ఇంటి గుర్తులు మగవాళ్ళు ఇలాగే చెప్పేవారు, గొంతు తగ్గించి, చూపు వేరేవైపు పెట్టి.

"బస్సు దిగి ఎడమవైపు పో. నీలం తలుపు ఇల్లు. ముందు తలుపు కొట్టొద్దు. వెనక మెట్లున్నాయి, కిందికి దిగు. రత్నకుమారి ఆంటీ పంపిందని చెప్పు."

"పుస్తకాలకా అండీ?" ఆ పిల్లకు నవ్వొచ్చింది. "ఇంత సీక్రెటా?"

రత్నకుమారి నవ్వలేదు. చేతిలోని డబ్బాను అరలోకి ఒక్క తోపు తోసింది. లోపలి ముక్కలు గలగలమన్నాయి. కిటికీ పక్క ఎండలో చదువుకుంటున్న పోలిష్ ముసలాయన ఉలిక్కిపడి తలెత్తి, ఆమెను చూసి, మళ్ళీ తన పుస్తకంలోకి వెళ్ళిపోయాడు.